పెదవి మాట

మగ్గాల షెడ్డులో చెవికి పని లేదు. మగ్గాలన్నీ ఒక్కసారిగా కొట్టుకుంటూ ఉంటే, పక్కమనిషి పెట్టిన కేక పక్కకు కూడా చేరదు. అందుకే నేతపనివాళ్ళు పెదవులతో మాట్లాడుకుంటారు. గొంతు వాడరు, నోటిని కాస్త పెద్దగా కదుపుతారు, అవతలివాళ్ళు కళ్ళతో వింటారు. బాబు అన్నా, పాము అన్నా పెదవి మీద ఆకారం ఒకటే. సూపర్‌వైజరు అడుగుపెట్టగానే ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక మాట పాకేది. అది బాబో పామో ఆయనకు ఏనాడూ తెలియలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం యూనియన్ హాలు కిక్కిరిసి ఉంది. సమ్మెకు దిగాలా వద్దా అన్నది ఆ పూట తేలిపోవాలి. వేదిక మీద బల్ల వెనక అధ్యక్షుడు, కోశాధికారి, ఓటు చూడడానికి కార్మిక సంఘాల రిజిస్ట్రారు ఆఫీసు నుంచి వచ్చిన అధికారి కూర్చున్నారు. వేదిక అంచున, మైకు ముందు, లెక్కల తనిఖీకి కొత్తగా ఎన్నికైన నేతపని అమ్మాయి నిలబడి ఉంది.

ఆమెను అందరూ చీమ అంటారు. ఆ పేరు పెట్టింది కోశాధికారే. ఆయన ఆమెకు బావ, అక్క మొగుడు. అమ్మానాన్నలు పోయాక ఇంట్లో చోటిచ్చినవాడు, మగ్గం మీద చెయ్యి తిప్పడం నేర్పినవాడు.

ఓటుకు ముందు తనిఖీ మనిషి లేచి, "సమ్మె నిధి చూశాను, ఉంది" అనడం ఆ యూనియన్ నియమం. ఆ మాట నమ్ముకునే జనం జీతాలు వదులుకుని గేటు బయట కూర్చుంటారు. బ్యాంకు పాసుబుక్కు చూపించమని చీమ ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. "ప్రింటుకిచ్చానే" అన్నాడు బావ ఒకసారి. "మేనేజరు సెలవులో ఉన్నాడే" అన్నాడు మరోసారి. నిన్న మాత్రం, "నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. ఆ మాటతోనే ఆమెకు అనుమానం మొదలైంది.

"ఏమ్మా చీమా, అంత ఆలోచనేంటి? చక్కెర డబ్బా కనిపించలేదా?" ముందు వరసలోంచి అరిచాడు గడకర్ర. పొడుగు వల్ల వచ్చిన పేరది. హాలు గొల్లుమంది.

"కానీ తల్లీ, జనం ఇళ్ళకెళ్ళాలి," అన్నాడు అధ్యక్షుడు.

"పాసుబుక్కు నాకింకా చూపించలేదు," అంది చీమ.

నవ్వు తెగిపోయింది. అధికారి తలెత్తాడు. "అంటే? నిధి లేదంటారా?"

"లేదనట్లేదు సార్. చూడలేదంటున్నాను."

"చిన్నపిల్ల సార్, సభ అంటే బెదురు," అని బావ నవ్వాడు. చీమ మైకు వదిలి ఆయన వైపు తిరిగింది. ఆయన అధికారి వైపు చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గొంతు మూసి, పెదవి తెరిచాడు.

*ఆ డబ్బు ఇంటి స్లాబుకి వాడానే. బోనసు రాగానే కట్టేస్తా. మీ అక్క మొహం చూసైనా, చూశానని చెప్పు.*

బయటివాడు పక్కనుంటే దాచవలసినదాన్ని పెదవికి అప్పగించడం ఆయనకు ఎన్నో ఏళ్ళ అలవాటు. ఆ క్షణాన ఆయనకు బయటివాడొక్కడే కనిపించాడు. ఎదురుగా నిండిన హాలు కనిపించలేదు. ఆ హాల్లో సగానికి పైగా కళ్ళతో వినేవాళ్ళేనన్న సంగతి తోచలేదు.

తోచేసరికి ఆలస్యమైపోయింది. ముందు వరసలు కొయ్యబారిపోయాయి. మహిళల వరసలో అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమైంది? అందరూ అలా ఆగిపోయారేం?" అన్నాడు అధికారి. పరాయివాడి ముందు ఇంటిగుట్టు విప్పేదెవరు?

గడకర్ర పెదవులు కదిలాయి. *ఆ ఆఫీసరుకి చెప్పకు. ఈయన సంగతి తర్వాత మనం చూసుకుందాం.* ఆ పక్కావిడ పెదవులు: *చెప్పు, దొంగని వదలకు.* ఇంకొకరు: *సమ్మె పోతుందే పిచ్చిదానా.* షెడ్డులోలాగే, ఒక్క చప్పుడైనా లేకుండా, సగం హాలు అరుస్తోంది. ఆ అరుపంతా చీమ కళ్ళలో పడుతోంది.

ఆమె చూపు వాళ్ళను దాటి వెనక్కి వెళ్ళింది. అక్కడ అద్దకంవాళ్ళు, మూటలు కట్టే ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళు పనిచేసేచోట ఇంత మోత లేదు. వాళ్ళకు పెదవి మాట రాదు. ఏం జరిగిందో తెలియక మెడలు చాచి చూస్తున్నారు. కాసేపట్లో వాళ్ళూ సమ్మెకు చేతులెత్తుతారు. లేని డబ్బును నమ్మి పస్తులుంటారు.

చీమ మైకును బల్ల దగ్గరకు తీసుకువెళ్ళి బావ ముందు పెట్టింది. మైకు కీచుమంది.

"ఆ మాట గొంతుతో చెప్పు బావా. వెనకవాళ్ళకి వినపడాలి."

"ఏ మాటే?"

కింద అక్క లేచి నిలబడింది.

"నా మొహం చూసైనా అన్నారుగా. ఇదిగో మొహం. చెప్పండి."

ఆయన చెప్పాడు. షెడ్డంతా తన మాట మీద నడిపిన మనిషి గొంతు మైకులో కూడా పీలగా వినిపించింది. అధికారి రాసుకున్నాడు. వెనక వరసల్లోంచి ఒక ఆడగొంతు గట్టిగా ఏడ్చింది. అధ్యక్షుడు ఓటుకు పిలిచినప్పుడు అక్కడొకటి, ఇక్కడొకటి చేతులు లేచాయి. చుట్టూ చూసుకుని అవీ దిగిపోయాయి. సమ్మె లేదు. మేనేజ్‌మెంటు పడేసిన జీతానికే సోమవారం పనిలోకి పోవాలి.

జనం బయటకు వెళ్ళారు గాని ఇళ్ళకు వెళ్ళలేదు. మెట్ల కింద గుంపుగా నిలబడ్డారు. చీమ తలుపు దగ్గర అక్కను చేరుకుంది.

"అక్కా, నేనింక ఆ ఇంటికి..."

"నోర్ముయ్. ఆ స్లాబు కిందే కదే నువ్వూ పడుకున్నావు." అక్క కళ్ళు గుంపు మీదే ఉన్నాయి. "ఆయన ఒంటరిగా దిగితే వీళ్ళు చంపేస్తారు. నువ్వా పక్కకి రా. తిట్టుకోడాలు ఇంటికెళ్ళాక."

బావ తల వంచుకుని వచ్చాడు. ఆయనకు చెరో పక్కా అక్కచెల్లెళ్ళు నడిచారు. చివరి మెట్టు దగ్గర గడకర్ర అడ్డంగా నిలబడ్డాడు, పిడికిలి బిగించి.

"దారివ్వన్నా," అంది చీమ.

అతను కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు. చాలాసేపటికి గడకర్ర ఒక కాలు వెనక్కి తీశాడు. ముగ్గురిలో ఒక్కరే పట్టేంత సందు దొరికింది.

చీమ బావను ముందుకు పంపింది.