ఉత్తరపు వాలు

ఆ మనిషికి ఒకచోట కుదురంటూ లేదు. బొమ్మలు వేసుకునే గది నిండా కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. కిటికీ తెరుస్తాడు, మూస్తాడు, నాలుగు గీతలు గీస్తాడు, వెంటనే కత్తితో గీకేస్తాడు. మంచుకొండలెక్కి, యుద్ధం కూడా చూసొచ్చిన వాడికి బొమ్మ వేసే ఒక గుడ్డముక్క ముందు ఇంత వణుకేమిటో.

కారణం లేకపోలేదు. కొండెక్కేటప్పుడు ఇతనితో ఒకే తాడు కట్టుకునే స్నేహితుడు యుద్ధంలో ఒక వాలు మీద ఉండిపోయాడు. శవం కూడా కిందికి రాలేదు. అతని తల్లి బట్టలు కుట్టి బతికిన మనిషి. ఆవిడకు చూపు తగ్గిపోతోంది, ఇక ఆగదన్నాడు డాక్టరు. పూర్తిగా పోయేలోపు కొడుకున్న చోటు ఒక్కసారి బొమ్మలోనైనా చూపించమంది.

బొమ్మ ఇతనికి కొత్తేం కాదు. యుద్ధంలో ఇతని పనే ఫిరంగుల వాళ్లకు కొండలు గీసివ్వడం. మబ్బు వద్దు, నీడ వద్దు, ఎండ అసలే వద్దు. కొండ అంచు, ఆనవాలుకు పనికొచ్చే బండలు, అంతే. లేనిది గీశావో, గుండు మనవాళ్ల మీదే పడుతుందని పైఅధికారి నూరిపోశాడు. ఆ పాడు అలవాటు వేళ్లకు జిడ్డులా పట్టింది. ఏ రంగు తీసినా చివరికి ఫిరంగుల పటమే తేలుతోంది.

ఒక ఉదయం ఆవిడే గోడ తడుముకుంటూ మెట్లెక్కి వచ్చేసింది.

"ఇంకా అవలేదు పిన్నీ."

"నీ 'ఇంకా' అయ్యేదాకా నా కళ్లు ఆగొద్దూ? జరుగు."

ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి చూసింది.

"వాడెక్కడ?"

ఆవిడ వేలు పట్టుకుని ఒక బండ కింద ఆనించాడు.

"ఇక్కడ ఎండ పడుతుందా? కొండలెక్కేవాడే గానీ, ఇంట్లో చన్నీళ్లంటే ఆమడ దూరం పరిగెత్తేవాడు."

అది ఉత్తరపు వాలు. ఏడాది పొడవునా ఎండ పొడ సోకదు. అబద్ధం నాలుక దాకా వచ్చింది, బయటికి మాత్రం రాలేదు.

"పడదు పిన్నీ."

ఆవిడ స్టూలు వెతుక్కుని కూర్చుంది.

"అయితే ఆ ఎండేదో నువ్వే వెయ్యి," అంది.

"లేనిదాన్ని ఎలా వెయ్యను?"

"వాడూ లేడుగా. మరి ఎవరి కోసం ఇన్నాళ్లుగా గీకి గీకి చస్తున్నావు?"

అతనికి దుఃఖం ముంచుకొచ్చింది. దాచుకోలేదు. పసుపురంగు ట్యూబు నొక్కి, బండ కింద కుంచెతో మెల్లగా రాశాడు.

ఆవిడ లేచి, మళ్లీ ముఖం ఆనించినంత దగ్గరకు వచ్చింది.

"ఇంకొంచెం కిందికి లాగు నాయనా," అంది. "కాళ్ల దాకా."