తాడు విప్పిన మనిషి

పాపయ్య ఎక్కిన మునుగు ఓడ, నీటి కింద నడిచే జలాంతర్గామి, ఇక తిరిగి రాదని తెలిసిన రోజున మట్టయ్య తుప్పు గీకుతున్నాడు. సింహళంలోని ట్రింకోమలీ రేవులో, తల్లి ఓడ అడుగున, చల్లారిన బాయిలరులో మోకాళ్ళ మీద కూర్చుని, పొక్కులు లేచిన ఇనుమును చిన్న సుత్తితో కొడుతున్నాడు. పైనుంచి ఎవరో తొంగిచూసి సంగతి చెప్పి వెళ్ళిపోయారు. అతడు కొంతసేపు సుత్తిని ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత మళ్ళీ అందుకున్నాడు. ఆ వరస సగంలో ఉంది.

అయిదేళ్ళు గడిచాయి. యుద్ధం ముగిసింది, నైజాం ప్రభుత్వం పోయింది, రోడ్ల మీద పటాలాలు తిరుగుతున్నాయి. ఆ తేదీన సూర్యాపేట నూనె మిల్లులో మట్టయ్య తెల్లవారకముందే లేచి అదే పని మొదలుపెట్టాడు. పాపయ్య పేరున ఏటేటా జరిగే ప్రార్థనకు మధ్యాహ్నానికి కోదాడలో ఉండాలి. బాయిలరు శుభ్రం చేయకుండా సెలవు ఇవ్వనన్నాడు షావుకారు.

మట్టయ్య పొట్టి మనిషి. మోచేతుల కింది భాగం మాత్రం మరో పెద్ద మనిషిది తెచ్చి అతికించినట్టు లావుగా ఉంటుంది. ఎడమ మణికట్టు మీద ఆవిరి తగిలి కాలిన చోట చర్మం నున్నగా మెరుస్తుంది. ఏ గుమ్మం దాటినా తల వంచుతాడు. ఓడలో ఇనుప గుమ్మాలు తలకు తగిలేవి. ఇక్కడ ద్వారబంధం తలకు మూరెడు ఎత్తున ఉన్నా ఆ అలవాటు పోలేదు. మిల్లులో చేరిన కొత్తలో జనం నవ్వేవారు. ఇప్పుడు ఎవరూ గమనించరు.

అతడు స్నానం చేసి వచ్చేసరికి భార్య చంద్రమ్మ జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి ఉంచింది.

"మంగయ్యన్నను అడిగినట్టు జెప్పు. ఒక్కసారన్న మన ఇంటికి రమ్మను" అంది.

మట్టయ్య మూట అందుకున్నాడు. అతడు ప్రయాణమైతే ఇంట్లోవాళ్ళు మంగయ్యను అడిగినట్టు చెప్పమంటారు. మంగయ్య ప్రయాణమైనప్పుడు మిర్యాలగూడలో ఎవరైనా మట్టయ్యను అడిగినట్టు చెప్పమంటారో లేదో అతడికి తెలియదు. అడగరనే అనుకున్నాడు.

ముగ్గురూ బెజవాడలో ఒకే రోజు నేవీలో చేరారు. కోదాడ పాపయ్య, మిర్యాలగూడ మంగయ్య, సూర్యాపేట మట్టయ్య. ముగ్గురినీ తల్లి ఓడకు పంపారు. జలాంతర్గాములు తిరిగి వచ్చి దాని పక్కన ఆగేవి. నూనె, నీళ్ళు, రొట్టె, రిపేరు, అన్నీ దాని మీదనుంచే అందేవి. రిపేరు అయిన ఓడను పరీక్షించడానికి ఒకసారి నీటి కిందికి తీసుకెళ్తుంటే, చేతి పనికి ఒక మనిషి కావాలన్నారు. మంగయ్య ముందుకు దూకాడు. ఒక పూట నీటి కింద ఉండి వచ్చాడు. ఆ ఒక్క పూటతో మిర్యాలగూడలో అతడికి మునుగుడు మంగయ్య అని పేరు వచ్చింది. అంగడిలో నిలబెట్టి మరీ చెప్పించుకుంటారు. మట్టయ్య ఆ ఓడల తాళ్ళు కట్టాడు, తాళ్ళు విప్పాడు. దాని గురించి అడిగేదేముంది?

పాపయ్యది మరో కథ. ఒక జలాంతర్గామిలో ఇంజను తుడిచే మనిషికి జబ్బు చేస్తే అతణ్ణి ఎక్కించారు. ఆ ఓడ వెళ్ళి తిరిగి రాలేదు.

సూర్యాపేట బస్సు మునగాల దగ్గర ఆగింది. సిపాయిలు ఎక్కి మూటలు విప్పించారు. కిందటేడు కోదాడ దారిలో ఇలాగే బండి ఆపితే మంగయ్య తన నేవీ బిళ్ళ చూపించి, రెండు హిందీ మాటలు అన్నాడట. సిపాయిలు నవ్వి, అతడి భుజం తట్టి, అందరికంటే ముందు అతడి బండిని వదిలారట. ఈసారి మట్టయ్య జేబులోనూ అదే బిళ్ళ ఉంది. సిపాయి రొట్టెల మూట నొక్కి చూసి, ఏమీ అడగకుండా దాటిపోయాడు. మట్టయ్య చేయి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఈ ఏడు తప్పకుండా ఇద్దరూ రావాలని పాపయ్య భార్య రూతమ్మ బస్సు క్లీనరు చేత కబురు పంపింది. ఆమె బావ సోమయ్య, అంటే పాపయ్య అన్న, వాళ్ళ పిల్ల ఎస్తేరును బడి మాన్పిస్తానంటున్నాడట. ఎస్తేరు జగ్గయ్యపేటలో మిషను బోర్డింగులో ఉండి చదువుతోంది. ఇంతవరకు సోమయ్య నోరు మెదపకపోవడానికి ఒకటే కారణం: ఓడ తాడు విప్పేటప్పుడు పాపయ్య "నా బిడ్డను బడి మాన్పియ్యొద్దు" అన్నాడని మంగయ్య ఏటేటా ఆ ఇంట్లో చెబుతున్నాడు. తమ్ముడి చివరి మాట కనుక సోమయ్య కాదనలేకపోయాడు.

ఆ రోజు మంగయ్య ఆ ఓడ దగ్గర లేడు. కాలికి దెబ్బ తగిలి ఒడ్డున దవాఖానలో పడుకుని ఉన్నాడు. ఈ సంగతి తెలిసినవాడు ఈ చుట్టుపక్కల మట్టయ్య ఒక్కడే.

బస్సు కుదుపుల్లో అతడు ఒక వాక్యాన్ని నెమ్మదిగా లోపల సర్దుకున్నాడు. 'మంగయ్యా, నువ్వు ఆ రోజు గాడ లేవు.' ఏటేటా సర్దుకునేదే. మంగయ్య ఎదురుగా ఉండగా, రూతమ్మ వింటుండగా అనాలి. ఏడాదికోసారి ఆమె ముఖం మంగయ్య వైపు తిరిగి అలాగే ఉండిపోతుంది. చెబుతున్నంతసేపూ మంగయ్య మాత్రం మట్టయ్యనే చూస్తాడు. చేతనైతే కాదను అన్నట్టు ఉంటుంది ఆ చూపు.

కోదాడలో రూతమ్మ ఇల్లు ప్రార్థన గుడిసెకు వెనక ఉంది. పందిరి కింద చాప వేసి ఉంది. గుంజకు కొత్త కొబ్బరి తాడు కట్టి ఉంది. సోమయ్య అప్పటికే వచ్చి కూర్చున్నాడు. మంగయ్య ఇంకా రాలేదు. ఎస్తేరు నీళ్ళ చెంబు అందించింది. పాపయ్యకు ఉన్నట్టే ఆ పిల్లకూ పై పెదవి కొంచెం పైకి లేచి ఉంటుంది. మట్టయ్య చూపు తిప్పుకుని నీళ్ళు తాగాడు.

పొద్దు నడినెత్తి దాటింది. ఇక ఆగడం బాగుండదన్నాడు సోమయ్య. రూతమ్మ ప్రార్థన చేసింది. తర్వాత మట్టయ్య లేచాడు. ఇది తల్లి ఓడ వాళ్ళ పద్ధతి. మునుగు ఓడ బయలుదేరేటప్పుడు తాడు విప్పేవాడు గానీ, ఆ తాడు అందుకునేవాడు గానీ నోరు విప్పకూడదు. పోయిరమ్మని కూడా అనకూడదు. అంటే అరిష్టమని అందరూ నమ్మేవారు. ఏటేటా ఈ పందిరి కింద మట్టయ్య తాడు విప్పుతాడు, అందరూ మౌనంగా నిలబడతారు, తర్వాత మంగయ్య మాట చెబుతాడు. తాడు ఒకరిది, మాట ఒకరిది.

మట్టయ్య ముడి విప్పాడు. తాడు చేతుల్లోంచి జారి మట్టి మీద పడింది. నిజానికి ఆ రోజు జరిగింది కూడా ఇంతే. అతడు తాడు విసిరాడు. పాపయ్య దాన్ని పట్టుకుని చుట్టగా చుట్టాడు, నూనె చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు, తల వంచి గుండ్రటి మూతిలోంచి లోపలికి దిగిపోయాడు. ఏమీ అనలేదు. అనకూడదు కూడా.

అన్నాల దగ్గర రూతమ్మ మూడో కంచం పెట్టి, మంగయ్యన్న వెనక బండికి వస్తాడేమోనంది. సోమయ్య రెండు ముద్దలు తిని మాట ఎత్తాడు. ఇంట్లో పసిబిడ్డ ఉందనీ, భార్యకు నడుము లేవదనీ, మిరప కోతకు మనుషులు దొరకడం లేదనీ, ఇంటి పిల్ల ఊరు కాని ఊళ్ళో కూర్చుని అన్నం తినడం తనకు నచ్చదనీ చెప్పాడు. కోపంగా చెప్పలేదు. అలసిపోయిన మనిషి చెప్పినట్టు చెప్పాడు.

"వాళ్ళ నాయన మాట ఉంది గదా, బావా" అంది రూతమ్మ.

"అదే అడుగుతన్నా. మట్టయ్యా, నువ్వూ ఆ ఓడ మనిషివే. తాడు చేతులో ఉంటే మాట్లాడగూడదని మీరే అంటిరి. మంగయ్యేమో తాడు ఇప్పేటప్పుడు చెప్పాడంటాడు. రెండూ ఎట్ట కుదురుతయ్యి? నాకు మొదటినుంచీ ఇదే అనుమానం. మా తమ్ముడి మాట అన్నారని నోరు మూసుకున్నా."

ఎస్తేరు గుమ్మంలో నిలబడి ఉంది. రూతమ్మ చేతిలో గరిటె ఉంది. ఆమె మొదటిసారి మట్టయ్య ముఖంలోకి చూసింది. ఏడాదికోసారి మంగయ్య వైపు తిరిగే ముఖం అది. అతడు బస్సులో సర్దుకున్న వాక్యం గొంతు దాకా వచ్చింది. ఒక్క మాట చాలు. మిర్యాలగూడలో మునుగుడు మంగయ్య అనే పేరు కూడా మిగలదు.

కంచం అంచున అంటిన మెతుకును వేలితో తీసి లోపల వేసుకున్నాడు.

"తాడు ఇప్పక ముందే చెప్పిండు" అన్నాడు.

"మంగయ్యతోనా?"

"నాతోని." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మంగయ్యతోని కాదు. నాతోని చెప్పిండు. నా బిడ్డను బడి మాన్పియ్యొద్దు అన్నడు. అటెన్క తాడు ఇప్పిన."

"మరిన్నేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"ఆయన చెప్తుండె గద. మాటకు ఆయన, తాడుకు నేను."

సోమయ్య అన్నం కలిపాడు. దేవుడి ముందు చెబుతున్నావా అని అడిగాడు. దేవుని ముందరనే అన్నాడు మట్టయ్య.

"సరే. బతికున్నోళ్ళూ పోయినోళ్ళూ అంతా ఒక్కటై మాట్లాడుతున్నారు. నా మిరపకాయలే ఎవురికీ పట్టలేదు." చేయి కడుక్కుని లేచాడు. "సోమవారం నేనే బస్సు ఎక్కిస్తా పిల్లని."

ఎస్తేరు లోపలికి వెళ్ళిపోయింది. లోపల గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడైంది. మట్టయ్య మిగిలిన అన్నం తిన్నాడు. చాలాకాలం తర్వాత కడుపు నిండినట్టు అనిపించింది. ఆ పిల్ల చదువు నిలబడినందుకు సంతోషమే. అంతకంటే ఎక్కువగా, 'నాతోని' అన్న ఆ ఒక్క మాట నోట్లో తీయగా ఉంది. మంగయ్య వచ్చాక ఈ ముక్క సోమయ్య నోటనే వినాలి. అప్పుడు మంగయ్య ముఖం ఎలా ఉంటుందో చూడాలి. కాదనలేడు. కాదంటే తన అబద్ధం కూడా బయటపడుతుంది.

రోడ్డు మీద ఎద్దుల బండి ఆగింది. దిగి వచ్చినవాడు మంగయ్య కాదు. మాడుగులపల్లి దగ్గరి తండావాడు హన్మా, చింతపండు బస్తాలు కోదాడకు తోలుకొస్తాడు. మంగయ్య ఎప్పుడూ అతడి బండిలోనే వచ్చేవాడు. తలగుడ్డ తీసి పందిరి బయటే నిలబడ్డాడు.

"మంగయ్య లేడు, మట్టయ్యా" అన్నాడు. "జరమొచ్చింది. దవాఖానకు పోదామంటే ఇనలే, కోదాడకు పోయొచ్చినంక సూద్దాం అన్నడు. మొన్న పొద్దుగాల పోయిండు. మట్టి గూడ అయిపోయింది."

మిర్యాలగూడ అంగడి సగం మూసేశారనీ, మునుగుడు మంగయ్య అని ఎంతో జనం వచ్చారనీ హన్మా చెప్పాడు. మట్టయ్య వింటున్నాడు. తాను పోతే సూర్యాపేటలో మిల్లు ఒక పూట ఆగుతుందా అనే ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. ఆలోచన మాత్రం పోలేదు.

హన్మా మంచినీళ్ళు తాగి బండి దగ్గరికి వెళ్ళాడు. సోమయ్య ప్రార్థన గుడిసె పెద్దకు చెప్పి వస్తానని లేచాడు. రూతమ్మ మూడో కంచం తీయలేదు. దాని ముందు కూర్చుంది.

"నిజం చెప్పినందుకు నీకు దండం అన్నా" అంది. "మంగయ్యన్న చెప్పిన మాటే నువ్వూ చెప్పావు."

మట్టయ్యకు అర్థం కాలేదు.

"మొదటేడు నువ్వింకా రాలేదుగా, ఓడ మీదనే ఉన్నావు. అప్పుడే మంగయ్యన్న నాకు చెప్పాడు. 'ఇది నాకు చెప్పింది కాదమ్మా. మట్టయ్యకు చెప్పిండు. వాడు తాడు ఇప్పిన మనిషి, వాని నోట రాదు. వాని బదులు నేను చెప్తున్న' అన్నాడు. ఇవ్వాళ కాకపోతే రేపు నువ్వే చెప్తావని, చెప్పేటప్పుడల్లా నీ మొఖమే చూసేవాడు. నేనూ అడగలా. బాధపడతావని."

పందిరి కింద మట్టిలో తాడు పడి ఉంది. చీమలు దాని మీదుగా పోతున్నాయి. అతడు ఇందాక ఎంతో ధైర్యం తెచ్చుకుని మంగయ్య దగ్గర్నుంచి లాక్కున్న మాటను మంగయ్య ఎప్పుడో అతడి పేరున రాసి పెట్టేశాడు. ఇదీ ముందు మంగయ్యే చేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖమేనని అనుకున్నాడు. అందులో కొంచెం ఉక్రోషం కూడా ఉందని అతడికి తెలుసు.

బస్సుకు వేళయింది. రూతమ్మ లోపలికి వెళ్ళి ఒక చెప్పుల జత తెచ్చింది. కిందటేడు వెళ్ళేటప్పుడు తోలు వారు తెగితే మంగయ్య వాటిని ఇక్కడే వదిలి వట్టి కాళ్ళతో బండి ఎక్కాడట. మాదిగ కొమురయ్య చేత కొత్త వారు కుట్టించి, వచ్చినప్పుడు ఇద్దామని దాచిందట. మంగయ్య వాళ్ళ ఇంట్లో ఇవ్వమంది.

మట్టయ్య వాటిని రొట్టెల గుడ్డలో చుట్టుకున్నాడు. వచ్చే ఆదివారం మిర్యాలగూడ వెళ్తానన్నాడు.

వానలు పడి వెలిశాయి. ఎస్తేరు ఆ సోమవారమే బోర్డింగుకు తిరిగి వెళ్ళిపోయింది. చెప్పులు మిల్లులో బాయిలరు వెనక మేకుకు వేలాడుతున్నాయి. మట్టయ్య వాటిని ఇంకా మంగయ్య ఇంటికి చేర్చలేదు.