నేలమాళిగలో లేని తలుపు

ఆ తలుపు లేదని లోకం మొత్తం మీద డోరీన్ ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు దాన్ని చూడటానికి బస్సు నిండా జనం బయల్దేరారు.

తప్పు గురువారం జరిగింది. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో ఉద్యోగాలు ముగించుకున్నవాళ్లంతా లైబ్రరీ కింది హాల్లో చేరి వారం వారం ఒక ప్రసంగం వింటారు. విన్న చోటును శనివారం బస్సులో వెళ్లి చూసి వస్తారు. ప్రసంగాలూ ప్రయాణాలూ రెండూ డోరీన్‌వే. స్కూల్లో రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన ఆమెకు, భర్త పోయాక వారమంటే ఆ రెండు రోజులే.

ఆనాటి విషయం విస్కీ దొంగరవాణా. అవతలి ఒడ్డున అమెరికాలో మద్యనిషేధం ఉన్న కాలంలో ఇటునుంచి పడవల్లో సీసాలు దాటించిన కథ. సగంలో చూస్తే ముందు వరస గుర్రు పెడుతోంది. డోరీన్‌కు పౌరుషం వచ్చింది.

"సరస్సు రోడ్డులో ఆకుపచ్చ కప్పు ఇల్లుంది చూశారూ, దాని నేలమాళిగలో ఒక రహస్య ద్వారం ఉంది. తలుపు తీస్తే సొరంగం, నేరుగా నీళ్లలోకే!" అనేసింది.

గుర్రు ఆగింది. అక్కడితో పోయేదే, కానీ చివర్లో క్లిఫర్డ్ లేచాడు. ప్రతి ప్రసంగం తర్వాతా ప్రశ్నల వేళ లేవడం అతని అలవాటు. ఏనాడూ ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.

"ఇది ప్రశ్న కాదు, చిన్న మాట. ఆ తలుపు నాకు తెలుసు. మా తాత సీసాలు మోసింది అందులోంచే."

కాదంటే డోరీన్ బండారం బయటపడుతుంది. ఔనంటే అతని అబద్ధం నిజమై కూర్చుంటుంది. నవ్వి ఊరుకుంది. సంఘం అధ్యక్షురాలు ఆగ్నెస్ అప్పటికప్పుడే ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేసి, నేలమాళిగ చూస్తామని మాత్రం చెప్పి శనివారం ఖాయం చేసింది. శరత్కాలపు ప్రయాణాలు ఎవరు నడపాలో తేలేది కూడా ఆ శనివారమే. క్లిఫర్డ్ ఎప్పట్నుంచో వాటి మీద కన్నేసి ఉన్నాడు.

బస్సులో డోరీన్ అతని పక్కన కూలబడింది.

"మీ తాతగారి తలుపు ఏ గోడకుండేది?"

"అదీ... సరస్సు వైపు గోడకి."

"ఆహా. గట్టిగా గుర్తుందే!"

"మర్చిపోయే తలుపా అది?" అన్నాడు క్లిఫర్డ్, కిటికీలోంచి బయటికి చూస్తూ.

నేలమాళిగలో బట్టలు ఉతికే మిషన్ తిరుగుతోంది. బంగాళాదుంపల గోనెలు, ఊరగాయ సీసాలు, నాలుగు పక్కలా నున్నటి సిమెంటు గోడలు.

"తలుపా?" ఇంటావిడ యోహాన తెల్లబోయింది. "మీరు దిగొచ్చారే, ఆ ఒక్కటే అండీ. పాత ఇల్లు తగలబడిపోతే మా మామగారు దీన్ని కొత్తగా కట్టారు. ఈ గొయ్యి కూడా ఆయన తవ్వించిందే."

డోరీన్‌కు ఊపిరి వచ్చింది. క్లిఫర్డ్‌కు అంతకంటే ముందే వచ్చింది.

"అదీ సంగతి! పాత ఇంట్లో ఉండేది. ఓక్ చెక్క తలుపు. మా తాత వేలి ఉంగరంతో తడితే లోపల్నుంచి ఈల వినపడేదిట. ఓ రాత్రి ఈల రాలేదు..."

జనం అతని చుట్టూ మూగారు. ఆగ్నెస్ కళ్లు మెరిశాయి. "ఏం మనిషివయ్యా క్లిఫర్డ్! ఇంత కథ కడుపులో పెట్టుకుని ఇన్నాళ్లూ మూల కూర్చున్నావా? శరత్కాలం ప్రయాణాలు నువ్వే నడపకూడదూ?"

నోరు మూసుకుంటే డోరీన్ పరువు దక్కుతుంది. ప్రయాణాలు పోతాయి. తన అబద్ధమే వచ్చి తన కుర్చీలో కూర్చోబోతోంది.

"ఓక్ కాదు," అంది.

"మరే చెక్క?" అన్నాడు క్లిఫర్డ్.

"ఏ చెక్కా కాదు. ఆ తలుపు నేను పుట్టించాను. మీరంతా నిద్రపోతుంటే చూడలేక."

తలలన్నీ డోరీన్ మీంచి క్లిఫర్డ్ వైపు తిరిగాయి.

"మరి మీ తాత?" అంది ఆగ్నెస్.

క్లిఫర్డ్ చెవులు ఎర్రబడ్డాయి. "సీసాలు మోసిన మాట నిజమే."

"ఎక్కడికి?"

"ఇంటికి."

నేలమాళిగ దద్దరిల్లేలా నవ్వారు. ఆగ్నెస్ మాత్రం నవ్వలేదు.

"నమ్మి వచ్చారు వీళ్లంతా. ఇంకెన్ని పుట్టించావు డోరీన్?"

"ఇదొక్కటే. కావాలంటే మిగతావన్నీ ఎవరినైనా సరిచూడమను."

"సరే. ఈమే ఉండాలన్నవాళ్లు చేతులెత్తండి."

మొదటి చెయ్యి ముందు వరస రస్సెల్‌ది. "ఈవిడ పుణ్యాన మొన్న నిద్ర పట్టలేదు," అన్నాడు. వెనక ఒక్కొక్కటే లేచాయి. క్లిఫర్డ్ బూట్ల వంక చూసుకుంటూ నిలబడి, చివరికి తనూ ఎత్తాడు.

"ఉండనివ్వండి. ఇందరి ముందు ఒప్పుకుంది. నేనైతే ఆ ఈల ఎందుకు రాలేదో ఇంకా చెబుతూనే ఉండేవాణ్ణి."

"అయితే ఖాయం," అంది ఆగ్నెస్. "ప్రయాణాలు డోరీన్‌వే. కానీ ప్రతి ప్రసంగమూ ముందు క్లిఫర్డ్‌కు వినిపించాలి. అబద్ధం వాసన అతనికి బాగా తెలుసు."

డోరీన్ అతనికేసి చూసింది. "బుధవారం మా ఇంటికి రండి. టీ ఇస్తాను."

"టీతో పాటు ఏమైనా?"

"నిజాలు," అంది డోరీన్.

మెట్ల మీంచి యోహాన కేకేసింది. "తలుపు సంగతి తేలితే ఇక రండమ్మా, ఆపిల్ కేకు చల్లారిపోతోంది!"