ఉప్పునేల మీద ఎర్రపళ్ళు

హీల్కె పెరట్లోకి వచ్చేసరికి పొదల మీద రెండు గోరింకలు వాలి ఉన్నాయి. చేతిలోని తడిబట్ట విదిలించి వాటిని తోలి, అక్కడినుంచే కేకేసింది.

“అత్తయ్యా, గిన్నె పట్టుకుని తొందరగా రండి. పిట్టలు పసిగట్టేశాయి.”

ఉత్తర సముద్రంలోని ఆ చిన్న దీవికి కోడలిగా వస్తూ ఆమె పుట్టింటినుంచి యోహానిస్ పళ్ళ మొక్కలు తెచ్చుకుంది. దిబ్బ మీది ఇంటి వెనక, గాలి తక్కువ తగిలే మూల చూసి నాటింది. ఏటా చలికాలంలో సముద్రం పొంగి దిబ్బ చుట్టూ నేలంతా ముంచేసేది. ఉప్పుగాలికి చాలా మొక్కలు మాడిపోయాయి. బతికిన రెండు పొదలూ ఈ జులైలో మొదటిసారి కాశాయి. పూసల్లాంటి ఎర్రటి పళ్ళు, గుత్తులు గుత్తులుగా.

అత్తగారు గేషె మోకాళ్ళ నొప్పి మరిచిపోయి గబగబా వచ్చింది. “ఇక్కడ గొర్రెల గడ్డి తప్ప ఏదీ బతకదని చెప్పానా లేదా?”

“చెప్పారు. రోజూ చెప్పారు. ముందు కోయండి.”

అంతలో సముద్రం మీదనుంచి గోరింకల గుంపు పొగలా లేచి వచ్చింది. ఇద్దరూ గుత్తులు తెంపి గిన్నెలో పడేస్తున్నారు. గేషె ఒక చేత్తో కోస్తూ రెండో చేత్తో ఆప్రాన్ ఊపుతోంది. పొరుగింటి బాండిక్ చూసి పరుగెత్తుకొచ్చాడు.

“ఏంటి పిన్నీ, యుద్ధమా?”

“వాగుడు ఆపి ఆ బకెట్ వాయించరా.”

అతను కర్రతో బకెట్‌ను దడదడలాడించాడు. గుంపు చెదిరి, మళ్ళీ కమ్ముకుంది. పై కొమ్మలు పిట్టల పాలయ్యాయి. మిగతావి గిన్నె నిండా దక్కాయి. హీల్కెకి నవ్వు ఆగడం లేదు.

వంటింట్లో ఫోర్కుతో పళ్ళు దూసి, రోటె గ్రూట్సె అనే ఎర్రపళ్ళ తీపి వంటకం కోసం నీళ్ళూ చక్కెరా వేసి పొయ్యి మీద పెట్టారు. పళ్ళు చిట్లి ఇల్లంతా పుల్లటి వాసన కమ్మింది. చిక్కబరచడానికి హీల్కె బంగాళాదుంప పిండి తీసింది. గేషె సగ్గుబియ్యం డబ్బా తెరిచింది.

“మా అమ్మ పిండే వేస్తుంది అత్తయ్యా.”

“పిండి వేస్తే జిగురవుతుంది. రోటె గ్రూట్సె అంటే సగ్గుబియ్యంతోనే. పొదలు నీవి, గిన్నె నాది.”

“సరే, వేయండి. కానీ కలిపేది నేనే.”

తెల్లటి గింజలు మెల్లగా ఎర్రబారి అద్దంలా మెరిశాయి. గిన్నెను చన్నీళ్ళ తొట్టిలో దించారు. అది చల్లారేదాకా బాండిక్ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

“పేరుకుందా వదినా?”

“ఇప్పుడేగా అడిగావ్ బాండిక్.”

“ఈ దీవిలో కాసిన పళ్ళు ఎప్పుడైనా తిన్నానా? మరి అడగనా?”

సాయంత్రానికి పేరుకుంది. కప్పుల్లో వేసి పైన చల్లటి పచ్చిపాలు పోశారు. ఎర్రటి దాని చుట్టూ తెల్లటి వలయం. హీల్కె తను తినకుండా అత్తగారి ముఖమే చూస్తోంది.

గేషె ఒక చెంచా తిని కళ్ళు మూసుకుంది.

“పుల్లగా ఉంది,” అంది చివరికి. “ఇంకాస్త పెట్టు.”

బాండిక్ అప్పటికే గిన్నె గీకుతున్నాడు. గేషె చెంచాతోనే కిటికీ బయటికి చూపించింది. “గొర్రెల దొడ్డి గోడ పక్కన చోటుంది. మీ అమ్మను ఇంకొన్ని మొక్కలడుగు. ఈసారి గుంట నేను తవ్విస్తా.”

హీల్కె కప్పు పట్టుకునే ఫోన్ దగ్గరికి పరుగెత్తింది.