నడికట్టు

ఇనుము కోసే యంత్రం దవడల మధ్య కారు తలుపు పటపట విరిగి, నలిగి, అవతల ముద్దగా పడింది. అతను కొంకితో దాన్ని పక్కకి లాగి ఇంకో తలుపు అందించాడు. ఎడమచేతి చిటికెన వేలు ఆ దవడలకే పోయింది. మెడ మీద రేకు కోసిన గాట్లు, ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు. పాత ఇనుము యార్డులో ఈ పని స్థానికులెవరూ చెయ్యరు.

అందరూ అతన్ని నడికట్టు అంటారు. వలస వచ్చిన కొత్తలో ఒకరోజు కుళాయి దగ్గర చొక్కా విప్పితే, నడుముకి చుట్టుకున్న గుడ్డసంచీ బయటపడింది. కాటా గుమాస్తా పగలబడి నవ్వి, "ఒరేయ్, వీడు నడిచే బ్యాంకురా" అన్నాడు. ఆ మాట లారీలతోపాటు ఊరంతా తిరిగింది.

అతని తండ్రి సంపాదనంతా బ్యాంకులోనే దాచాడు. అల్లర్లు మొదలైన రోజు ఆ బ్యాంకు తగలబడింది. షట్టరు బాదుతూ నిలబడ్డ తండ్రిని ఆ మెట్ల మీదే కర్రలతో కొట్టి చంపారు. తల్లి చేతి గాజులు అమ్మితేనే మిగిలినవాళ్ళు సరిహద్దు దాటారు.

క్రేన్ డ్రైవరు ఈ ఊళ్ళోనే పుట్టాడు. జీతం పడగానే కొంత పింఛను నిధికి, కొంత షేర్లకి పోతుంది. ఎంతైందో కూడా చూసుకోడు. అప్పు చేసి ఇల్లు కొని, గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతాడు.

"నీకంత ధైర్యమేంటన్నా?" అని ఓసారి అడిగాడు నడికట్టు.

"ధైర్యమేముంది తమ్ముడూ? మా నాన్న డబ్బూ బ్యాంకులోనే ఉండేది. ఎప్పుడూ ఏమీ కాలేదు."

ఏమీ కాకపోవడం కూడా తండ్రి ఇచ్చే ఆస్తేనని నడికట్టుకి అప్పుడు తట్టింది. కూతురికైనా అది ఇవ్వాలనుకున్నాడు. కిందటి నెల క్రేన్ డ్రైవరుని వెంటబెట్టుకెళ్ళి సంచీలో ఉన్నదంతా బ్యాంకులో వేశాడు. కొన్నాళ్ళు నిద్రలో నడుము తడుముకుని ఉలిక్కిపడేవాడు. తర్వాత అలవాటైంది.

సాయంత్రం పని దిగి రైలు పట్టాల పక్కన నడుస్తుంటే ఇద్దరు అడ్డొచ్చారు.

"సంచీ విప్పు."

"లేదు బాబూ. బ్యాంకులో వేశాను."

"మీవాళ్ళు బ్యాంకులో వేస్తారా? ఎవరికి చెబుతున్నావ్?"

ఇనపకడ్డీ మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అతనికి వినిపించింది. చొక్కా చింపారు. నడుము చుట్టూ ఏళ్ళ తరబడి ఎండ తగలని పాలిపోయిన చార తప్ప ఇంకేమీ లేదు. అది చూసి వాళ్ళు మరింత రెచ్చిపోయారు. ఎక్కడ దాచావంటూ పక్కటెముకల్లో తన్నారు. అతను ఒకడి చీలమండ దొరకబుచ్చుకుని కొరికాడు. తన ముందుపళ్ళు ఊడేదాకా వదల్లేదు. రెండోవాడు కడ్డీతో తల మీద మోదాడు.

వాళ్ళు పారిపోయాక కూడా, "బ్యాంకులో ఉంది" అని నెత్తుటి నోటితో గొణుగుతూనే ఉన్నాడు. ఎవరో చూసి ఆస్పత్రికి చేర్చారు. భార్య మంచినీళ్ళ కోసం బయటికెళ్ళి వచ్చేసరికి చప్పుడు లేకుండా కన్నుమూశాడు.

మర్నాడు కాటా గుమాస్తా తలెత్తకుండా లారీలు తూచాడు. క్రేన్ డ్రైవరు నడికట్టు వస్తువుల కోసం వెనక షెడ్డులోకి వెళ్ళాడు. అక్కడ ఒక చిన్న సైకిలు గోడకి ఆనించి ఉంది. చక్రాలు ఒకదానివి, చట్రం ఇంకోదానిది, అంతా తుక్కులోంచి ఏరి అతికించినదే. సీటొక్కటే కొత్తది, ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు.