గాబ్రియేలు గొడుగు

సగం తీరిన కోరికకు మొక్కు చెల్లించాలా, వద్దా? ఏళ్ల తరబడి ఈ సందేహం నన్ను వదలలేదు.

అమెరికాలో మాకు నిలకడ దొరికితే గాబ్రియేలు దూత పేరిట చర్చికి, ఊరేగింపుల్లో పట్టే కుచ్చుల పట్టుగొడుగు ఇస్తానని అడిస్ అబాబా విమానాశ్రయంలోనే మొక్కుకున్నాను. చివరికి గ్రీన్ కార్డులు వచ్చాయి. నా భార్య అత్సెదె సోషల్ సెక్యూరిటీ కార్డు మీద మాత్రం, ప్రభుత్వ అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుందన్న పాత ముక్క అలాగే ఉండిపోయింది. ఆమె కూరలు తరిగే ఆసుపత్రి వంటగదిలో పర్మనెంటు ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఆ ముక్క లేని కార్డు వచ్చే నెలాఖరులోగా తెస్తేనే ఇస్తామన్నారు.

మా దేశంలో ఏ ఆఫీసుకూ ఎవరూ నేరుగా వెళ్లరు. లోపల తెలిసినవాడు ఉండాలి. ఆ అలవాటు సముద్రం దాటి మాతోనే ఈ సిల్వర్ స్ప్రింగ్ ఊరికీ వచ్చింది. అందుకే చర్చి సంఘం పెద్ద షిమెలిస్ దగ్గరికి వెళ్లాం. ఆయన కొత్త కార్డుకు దరఖాస్తు నింపి మాకిచ్చాడు, ఫీజు పుచ్చుకున్నాడు, అత్సెదె గ్రీన్ కార్డు తన జేబులో వేసుకున్నాడు. "లోపల మనవాడున్నాడు. నేను చెప్పినప్పుడు వెళ్దురుగాని," అన్నాడు. వారాలు గడిచాయి. చెప్పలేదు.

ఒక బుధవారం ఆయన నడిపే హోటలుకే వెళ్లాం. బుధ, శుక్రవారాలు మా చర్చికి ఉపవాస దినాలు, మాంసం ముట్టం. షిమెలిస్ వెనక గదిలో కూర్చుని పచ్చి మాంసం కోసుకుని కారంలో అద్దుకు తింటున్నాడు. గడ్డం మీద నెత్తుటి తడి మెరుస్తోంది.

"రా జెరిహున్, కూర్చో. డాక్టరు తినమన్నాడులే."

"గాషే, నా కార్డు," అంది అత్సెదె. వయసులో పెద్ద మగవాళ్లను మేం అలాగే పిలుస్తాం.

"తొందరేంటమ్మా? లోపలివాడి చెయ్యి ఇంకాస్త తడపాలి."

"మీ చెయ్యి తడిగానే ఉందిగా గాషే. అది చాల్లెండి. కార్డివ్వండి."

"మీరే వెళ్తే కిటికీ దగ్గర్నించే తోలేస్తారు. మన మొహాలకి ఎవడు పలుకుతాడు?"

ఆమె చాపిన చెయ్యి దించలేదు. ఆయన ఆ వేళ్లతోనే కార్డు తీసి బల్ల మీదికి విసిరాడు. ఫొటోలో ఆమె మొహం నిండా కొవ్వు అంటింది. ఆదివారం కానుకల పళ్లెం పట్టుకునేది ఈ చెయ్యే కదా! వీధిలోకి వచ్చాక అత్సెదె తెల్ల శాలువా అంచుతో కార్డు తుడిచి, ఆ అంచును లోపలికి దోపేసుకుంది.

మర్నాడు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో వంతు వచ్చాక షిమెలిస్ నింపిన కాగితమే ఇచ్చాం. కిటికీ వెనక ఉన్నావిడ దాన్నీ గ్రీన్ కార్డునూ పక్కపక్కన పెట్టి చూసింది.

"పెళ్లయ్యాక పేరు మార్చుకున్నారా? కార్డులో అత్సెదె వోల్దెమరియం. ఇక్కడేమో అత్సెదె జెరిహున్ అని రాశారు."

మాలో పేరు వెనక వచ్చేది తండ్రి పేరు. పెళ్లయినా మారదు.

"చూశావా!" అత్సెదె నా మోచెయ్యి పొడిచింది. "మీ పెద్దమనిషి నన్ను నీ కూతుర్ని చేశాడు. మా నాన్న ఒకసారి చచ్చిపోయింది చాల్లేదు కాబోలు."

ఆవిడ కొత్త కాగితం ఇచ్చింది. అత్సెదె తన చేత్తోనే తండ్రి పేరు రాసుకుంది.

"ఎంత కట్టాలి?" అన్నాను.

"ఏమీ లేదండీ. కార్డు పోస్టులో వస్తుంది."

"లోపల ఇంకెవరినైనా కలవాలా?"

"ఎవరిని?" అందావిడ అర్థం కాక.

బయటికి వచ్చాక అత్సెదె ఒకటే మాట అంది: "ఛీ!"

లోపలివాడంటూ ఎవడూ లేడు. షిమెలిస్ ఇంతకాలం మా భయాన్నే కోసుకు తిన్నాడు. అలాంటివాణ్ని దేవుడు తన గడపలో ఎందుకు ఉండనిస్తాడో నాకు తెలియదు.

నెలాఖరుకు ముందే కార్డు వచ్చింది. ఆ ముక్క లేదు. అత్సెదెకు ఉద్యోగం ఇచ్చారు. నా సందేహమూ తీరింది.

ఆదివారం గొడుగు పట్టుకుని చర్చికి వెళ్లాను. గుమ్మంలో షిమెలిస్ చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వు జెరిహున్. సంఘం తరఫున నేను లోపలికి అందిస్తా."

"వద్దు గాషే. నేనే ఇచ్చుకుంటాను."

ఆయన్ను దాటి వెళ్లి గొడుగును గురువుగారి చేతుల్లో పెట్టాను.