బ్రాకెట్ బయట ఒక్క క్లోరైడ్

అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లలో పంతులు ఉద్యోగం ఊరికే రాదు, డెమో క్లాసు చెప్పి సంపాదించుకోవాలి. ఎదుట అరవై మంది పిల్లలు, వెనక బెంచీలో డైరెక్టరు. ఆ పొద్దున కుసుమ వంతు. ఈ ఉద్యోగం రాకపోతే ఎల్లుండి హాస్టల్ ఖాళీ చేసి సొంతూరు దేవరకద్ర బస్సెక్కాలి. ఇంకో ఏడాది సిటీలో ఉండనిచ్చేది లేదని నాన్న తెగేసి చెప్పాడు.

పాఠం కెమిస్ట్రీలో కోఆర్డినేషన్ కాంపౌండ్స్. చాక్‌పీసుతో బోర్డు మీద పెద్ద బ్రాకెట్ గీసింది.

"కోబాల్ట్ చుట్టూ ఆరు జాగలుంటయి. బ్రాకెట్ లోపలున్నోళ్లు ఇంటోళ్లు, నీళ్లల్ల ఏసినా ఇడిచిపెట్టి పోరు. బయటున్న క్లోరైడ్ కిరాయికున్నోడు, ఎప్పుడంటే అప్పుడు పోతడు" అంది. పిల్లలు నవ్వారు. హమ్మయ్య అనుకుంది.

అప్పుడు లేచింది డైరెక్టరు రాజశేఖర్ సారు గొంతు.

"మేడం, మన మెటీరియల్ల పద్నాలుగో ప్రశ్న చెయ్యండి."

కుసుమ మెటీరియల్ తెరిచింది. ఒక మోల్ CoCl₃·4NH₃లో కావలసినంత సిల్వర్ నైట్రేట్ కలిపితే ఎన్ని మోల్స్ సిల్వర్ క్లోరైడ్ వస్తుంది? ఈ ప్రశ్నను ఆమె చచ్చినా మరిచిపోదు. పోయినేడు గురుకుల టీచర్ల పరీక్షలో ఇదే వచ్చింది. ఇదే మెటీరియల్ బట్టీపట్టి మూడు అని పెట్టింది. పరీక్ష వాళ్లిచ్చిన ఫైనల్ కీలో ఒకటి అని ఉంది. ఒక్క మార్కుతో ఉద్యోగం పోయింది. అది ఒకటే ఎందుకో తెలుసుకోవడానికి చిక్కడపల్లి లైబ్రరీలో నెల రోజులు కూర్చుంది. ఆ మెటీరియల్ రాసిన మహానుభావుడు ఇప్పుడు వెనక బెంచీలో ఉన్నాడు.

బోర్డు మీద లెక్క చేసింది. "అమ్మోనియాలు నాలుగు. ఆరు నిండాలంటే రెండు క్లోరైడ్లు లోపలికి పోవాలె. బయట మిగిలేది ఒక్కటే. సిల్వర్‌కు దొరికేది గదే."

ముందు బెంచీలోని గణేశ్ చెయ్యెత్తాడు. "మేడం, మెటీరియల్ కీల మూడున్నది."

 'అవును, మూడే' అంటే చాలు, ఉద్యోగం చేతిలో పడ్డట్టే. కానీ వచ్చే ఆదివారం వీళ్లందరికీ పరీక్ష. రాజశేఖర్ సారు కళ్లు తన మీదే ఉన్నాయి. 

"కీ తప్పు" అంది. "పోయినేడు గా కీ నమ్మి నేను మూడు పెట్టిన. ఒక్క మార్కుతో పోయిన. మీకు గట్ల కావద్దు."

సారు విసవిసా ముందుకొచ్చాడు. "ఇరవై ఏండ్ల సంది చెప్తున్న నేను! నిన్నగాక మొన్నొచ్చి నా మెటీరియల్‌కు వంకలు పెడ్తరా? డెమో అయిపోయింది, మీరు పోవచ్చు."

డస్టర్‌తో బోర్డంతా తుడిచేశాడు. తప్పెక్కడుందని ఒక్క ముక్క అడిగితే ఏం పోయేది? కుసుమ బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. అవమానంతో కళ్లు మండాయి.

వెనక సారు గద్దించాడు. "ఇప్పుడు చెప్పుండ్రి, ఎన్ని మోల్స్?"

 లోపల బెంచీ కిర్రుమంది. గణేశ్ లేచాడు.

"ఒకటి, సార్."

"ఏందీ?"

"ఒకటే, సార్" అంది వెనకనుంచి ఒకమ్మాయి. ఆ తర్వాత గదంతా అదే మాట.

మెట్ల మీద కుసుమ ఆగిపోయింది. ఎల్లుండి బస్సెక్కక తప్పదు. అయినా నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చాక్‌పీసు పొడి చేతులతోనే కళ్లు తుడుచుకుంది.